ద్వీపాల మీదుగా ఒక ఇఫ్తార్

మా మదరసాలో షాబాన్ నెలాఖరుకు పరీక్షలు ముగించి సెలవులు ఇస్తారు. ముప్పై ఏళ్ళుగా ఆ సెలవుల్లో నేను గుంటూరు చుట్టుపక్కల పల్లెలకు తరావీహ్ నమాజు చేయించడానికి తప్ప ఎక్కడికీ వెళ్ళి ఎరుగను. ఈసారి ఆ బాధ్యతను ఒక పెద్ద విద్యార్థికి అప్పగించి, రమజాన్ రెండో వారంలో సముద్రం దాటవలసి వచ్చింది. కారణం మా పెద్దమ్మాయి.

ఆమె నర్సు. అల్లుడు గణితం చెప్పే ఉపాధ్యాయుడు. రెండేళ్ళ కిందట ఇద్దరికీ మాల్దీవులలో ఉద్యోగాలు దొరికాయి. “సముద్రం నడుమ మనకేం పని?” అన్నాను. భర్త వెంట వెళుతున్నది గనుక షరీఅత్ రీత్యా నేను అనవలసిందేమీ లేదు. అభ్యంతరమంతా నా మనసుది. దానికి ధర్మం ముసుగు వేయాలని ఒకటి రెండుసార్లు ప్రయత్నించానని కూడా ఇక్కడ ఒప్పుకోవాలి. వారు బయలుదేరిన రోజు నేను స్టేషనుకు వెళ్ళలేదు, తరగతి ఉన్నదన్నాను. అది గురువారం. గురువారం మధ్యాహ్నం తర్వాత మదరసాలో తరగతులు ఉండవని నా భార్యకు తెలుసు. ఆమె ఏమీ అనలేదు.

ఆ తరువాత అక్కడే మాకు మనుమరాలు పుట్టింది. ఫోనులో సలాం చెప్పుకోవడం, బొమ్మ చూడడం తప్ప పది నెలలైనా ఆ పిల్లను ఎత్తుకోలేదు. చివరికి నా భార్య ఒక రాత్రి, “మీరు వెళతారా, నన్ను ఒంటరిగా పంపుతారా?” అని అడిగింది. మోకాళ్ళ నొప్పులతో వసారా మెట్లు దిగడమే కష్టమైన మనిషి అలా అడిగిందంటే దాని అర్థం నాకు తెలియనిది కాదు.

శబరి ఎక్స్‌ప్రెస్‌లో తిరువనంతపురం చేరాను. ప్రయాణికుడికి ఉపవాసం విషయంలో సడలింపు ఉన్నది. రైలులో ఆ సడలింపును వాడుకున్నాను, వెనుక తీర్చుకోవలసిన రోజాలను డైరీలో రాసిపెట్టుకున్నాను. మాల్దీవులకు వెళ్ళే భారతీయులు వీసా ముందుగా తీసుకోనవసరం లేదు, అక్కడ దిగిన తరువాత ఉచితంగా ఇస్తారు. అయితే ప్రయాణానికి ముందు ఆన్‌లైన్‌లో ఒక వివరాల పత్రం నింపాలి. దానిని మా చిన్నబ్బాయి నింపిపెట్టాడు.

హజ్ భాగ్యం నాకు ఇంకా కలగలేదు గనుక విమానం ఎక్కడం ఇదే మొదలు. అల్లుడు కొన్న టికెట్ మాల్దీవుల జాతీయ సంస్థ ‘మాల్దీవియన్’ది. 2000లో ఆ దేశపు పాత విమాన సంస్థ మూతపడినప్పుడు ప్రభుత్వం ఐలాండ్ ఏవియేషన్ అనే సంస్థను స్థాపించింది. అదే ఇప్పుడు ‘మాల్దీవియన్’ పేరుతో నడుస్తున్నది. మాల్దీవులకు వెళ్ళే విమానమంటే సముద్రతీరపు విలాసాలకు పోయే యువదంపతులతో నిండి ఉంటుందని నేను ఊహించుకున్నాను. నా చుట్టూ కూర్చున్నవారిలో సగం మంది రోగులు, వారి బంధువులు. ఒకరి కంటికి కట్టు, మరొకరి ఒడిలో ఎక్స్‌రేల కవరు. తిరువనంతపురం ఆసుపత్రులు మాల్దీవుల వారికి మన పల్లెల వారికి గుంటూరు ఎలాగో అలాంటివట.

నా పక్కన ఒక వృద్ధుడు, ఆయన భార్య. ఆమెకు గుండెకు శస్త్రచికిత్స జరిగింది. ఆయనకు హిందీ సినిమాల పుణ్యమా అని కొంత హిందీ వచ్చు. నా గడ్డం, టోపీ చూసి, “ముదర్రిసా?” అని అరబీలో అడిగారు. అవునన్నాను. అప్పటినుండి ఆయన నన్ను వదలలేదు. విమానం నేలను విడిచేటప్పుడు ప్రయాణ దుఆ చదువుకున్నాను. పిల్లలకు ముప్పై ఏళ్ళుగా కంఠస్థం చేయిస్తున్న దుఆ అది. అందులోని ‘మాకు వశపరచబడినది’ అన్న భావం కాళ్ళ కింద నేల లేనప్పుడు మరో విధంగా వినిపించింది. రెండు గంటలు కూడా పట్టలేదు. ఇబ్నె బతూతాకు కాలికట్ నుండి ఈ ద్వీపాలకు ఓడలో పది రోజులు పట్టింది.

దిగే ముందు కిటికీలోంచి చూస్తే ముదురు నీలంలో లేత ఆకుపచ్చ వలయాలు కనిపించాయి. ఒక్కొక్క వలయం పగడపు గట్టు. ఆ గట్టు మీద అక్కడక్కడ చిన్న దీవులు. ఇలాంటి దీవుల గుంపును దివెహి భాషలో ‘అతొళు’ అంటారు. ఇంగ్లీషువారి ‘అటాల్’ అనే మాట దాని నుండే పుట్టింది. మొత్తం దీవులు సుమారు 1,190. జనం నివసించేవి రెండు వందలకు లోపే. ఉత్తరం నుండి దక్షిణానికి ఈ దేశం ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా సాగి ఉన్నది. నేల అంతా కలిపితే మాత్రం మూడు వందల చదరపు కిలోమీటర్లు, అంటే మన మండలం ఒకదానికన్నా కాస్త ఎక్కువ. మండలమంత నేలను నలిపి హైదరాబాదు నుండి ముంబయి దాటేటంత దూరం సముద్రంలో చల్లితే ఎలా ఉంటుందో, ఆ దేశం అలా ఉన్నది. విమానం ఆ దేశంలో ఎందుకు ఉన్నదో పుస్తకం చదవకుండానే అర్థమైంది.

హుళులే అనే దీవి మీద విమానాశ్రయం. రన్‌వేకు రెండు పక్కలా సముద్రమే. గడియారాన్ని అరగంట వెనక్కి తిప్పుకున్నాను. అక్కడినుండి రాజధాని మాలెకు 2018లో వంతెన వేశారు, అంతకు ముందు పడవలే గతి. ఆ రాత్రి మాలెలో ఒక చిన్న వసతిగృహంలో ఉండి, మరునాటి సాయంత్రం దక్షిణాదికి మరో విమానం ఎక్కాలి.

ఉదయం హుకురు మిస్కీని, అంటే పాత జుమా మసీదును చూడబోయాను. ‘హుకురు’ అంటే శుక్రవారం. ‘శుక్ర’ శబ్దమే వారి నోట ‘హుకురు’ అయింది. గురువారాన్ని ‘బురాస్ఫతి’ అంటారు, మన బృహస్పతి! ‘దివెహి’ అన్న పేరులోనే ‘ద్వీపం’ ఉన్నది. సంస్కృతం నుండి దిగివచ్చిన భాష అది, రాసే లిపి మాత్రం కుడి నుండి ఎడమకు. ఆ ‘తానా’ లిపిలోని మొదటి తొమ్మిది అక్షరాలు అరబీ అంకెల నుండి పుట్టినవట. పైన, కింద పెట్టే స్వరచిహ్నాలు మన జబర్, జేర్, పేష్‌ల వంటివే. దుకాణాల పలకల మీద స్వరాలను చదవగలిగి హల్లులను చదవలేక నిలబడిపోయాను. మా మక్తబ్‌లో చేరిన కొత్త పిల్లవాడి అవస్థ ఏమిటో అప్పుడు తెలిసింది.

ఆ మసీదును 1658లో సుల్తాన్ ఇబ్రాహీం ఇస్కందర్ కట్టించాడు. గోడలు పగడపు రాతివి. సముద్రంలోంచి తీసిన పగడపు దిమ్మలను ఎండబెట్టి, చెక్కి, ఒకదానిలో ఒకటి ఇమిడేటట్లు అమర్చారు. గోడల నిండా అరబీ లిపి, లతలు. అయితే నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది వేరొక విషయం. పూర్వకాలపు పునాదుల మీద కట్టడం వల్ల ఈ మసీదు నేరుగా పడమటికి తిరిగి ఉన్నది. అక్కడినుండి మక్కా వాయవ్యంలో ఉన్నది. అందువల్ల నమాజు చేసేవారు గోడకు ఎదురుగా కాక, మూలకు తిరిగి ఏటవాలుగా సఫ్‌లు కడతారు. కట్టడం ఒక దిక్కుకు, మనుషులు మరో దిక్కుకు! గోడను మార్చలేకపోతే మనం మరలవచ్చు. మూడున్నర శతాబ్దాలుగా వారు చేస్తున్నది అదే.

ఈ దీవులవారు 1153లో ఇస్లాం స్వీకరించారు. 1343లో వచ్చిన ఇబ్నె బతూతాను ఇక్కడ ఖాజీగా నియమించారు. అప్పుడు ఖదీజా అనే రాణి పరిపాలిస్తున్నదని ఆయన రాసుకున్నాడు. జుమాకు రాని వారిని శిక్షించాననీ, స్త్రీల వస్త్రధారణను మార్చబోయి మాత్రం విఫలమయ్యాననీ కూడా దాచకుండా రాశాడు. ఖాజీ గారి మాట కూడా అన్నిచోట్లా చెల్లలేదన్నమాట. నాకు నవ్వు వచ్చింది, వెంటనే మా అమ్మాయి జ్ఞాపకం వచ్చింది.

విలాస విడుదుల గురించి నేను రాయబోవడం లేదు. వాటిలో అడుగు పెట్టలేదు, పెట్టాలన్న కోరికా లేదు. ఆ దేశపు ఆదాయంలో పెద్ద భాగం వాటి నుండే వస్తుందనీ, వారి బడులూ ఆసుపత్రులూ ఆ డబ్బుతోనే నడుస్తాయనీ అల్లుడు అంటాడు. అది నిజమే కావచ్చు. ఈ విషయంలో మేమిద్దరం ఇంకా ఏకీభవించలేదు.

దేశీయ విమానాల టెర్మినల్‌లో పండుగకు ముందు రోజు మన బస్‌స్టాండును చూసినట్లే ఉన్నది. టేపు చుట్టిన అట్టపెట్టెలు, బియ్యం, డయపర్లు, ఒక ఫ్యాను, నిద్రపోతున్న పిల్లలు. టికెట్ ధర స్థానికులకు తక్కువ, మనవంటి పరదేశీయులకు ఎక్కువ. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు, అది వారి బస్సు. నిన్నటి వృద్ధ దంపతులు అక్కడ మళ్ళీ కనిపించారు. వారిది కూడా అడ్డూ అతొళే. వారు నాకోసం కుర్చీ ఆపి ఉంచారు.

విమానం కెనడాలో తయారైన డాష్ 8. రెండు పక్కలా పంఖాలు. రెక్కలు కిటికీల పైన ఉంటాయి గనుక కింద ఉన్న దీవులు ఏ అడ్డూ లేకుండా కనిపిస్తాయి. అయిదున్నరకు బయలుదేరింది. దక్షిణానికి వెళుతున్నాము గనుక పడమర కుడివైపు. నాకు ఆ వైపు కిటికీయే దొరికింది. ఆ రోజు నేను రోజా పాటించాను. మాలెలో ఒక రాత్రి విశ్రాంతి దొరికింది, శరీరం బాగున్నది, అందరూ ఉపవాసంతో ఉన్న దేశంలో తినాలని మనసు ఒప్పలేదు.

అసలు సంగతి ఇక్కడ మొదలైంది. అడ్డూలో ఆ రోజు సూర్యాస్తమయం ఆరు గంటల పందొమ్మిది నిమిషాలకు. ఆ సమయం కాగానే వెనుక వరుసలో ఇద్దరు యువకులు ఫోను చూసుకుని నీళ్ళ సీసా మూత తీశారు. ముందు వరుసలో ఒక తల్లి వారిని చూసి ఆగింది. నా కిటికీలో సూర్యుడు ఇంకా పూర్తిగా ఉన్నాడు. ఎర్రగా, నీళ్ళకు బెత్తెడు ఎత్తున. వృద్ధుడు నా వైపు తిరిగి, “ముదర్రిస్ సాబ్, ఇప్పుడు ఏమి చేయాలి?” అన్నారు. ఆయన భార్య అప్పటికే ఖర్జూరాల సంచి విప్పి ఒడిలో పెట్టుకున్నది. ఆమెకు వైద్యులు ఉపవాసం వద్దన్నారు. అయినా మాతోపాటే తినాలని కూర్చున్నది.

నేల మీద ఉన్నవాడికి సూర్యుడు దిగినా, ఆకాశంలో ఉన్నవాడికి కనిపిస్తూ ఉండవచ్చు. ఎత్తుకు పోయినకొద్దీ దిగంతం కిందికి జరుగుతుంది. ఎవరు ఎక్కడ ఉన్నారో అక్కడి సూర్యాస్తమయమే వారికి గడువు అని ఉలమా చెబుతారు. ఈ మస్‌అలాను నేను తరగతిలో ఎన్నోసార్లు చెప్పాను. ఎత్తైన గోపురం మీద ఉన్నవాడు, కింద ఉన్నవాడు అని పాత ఉదాహరణ చెప్పేవాణ్ణి. పిల్లలు ఆవులించేవారు. ఇప్పుడు గోపురం మీద నేనే కూర్చున్నాను, గొంతు ఎండిపోతున్నది. “కొద్ది నిమిషాలు ఆగాలి” అన్నాను. ఆయన ఆ మాట దివెహిలో వెనక్కి అందించారు. ఆ యువకులు ఒకరి ముఖం ఒకరు చూసుకుని సీసా మూత బిగించారు. వారు అప్పటికి తాగలేదు.

ఆ నిరీక్షణ పది నిమిషాలకు లోపే. అయినా నాకు బాగా గుర్తుండిపోయింది. ముప్పై నలభై మంది, చేతుల్లో ఖర్జూరం పట్టుకుని కుడివైపు కిటికీలకేసి చూస్తున్నారు. ఎడమవైపు కూర్చున్నవారు మా ముఖాలు చూస్తున్నారు. ఈలోగా వృద్ధుడు కిందికి చేయి చూపి, అరచేతిని కత్తిలా ఆడించి, భూమధ్యరేఖ దాటుతున్నామన్నారు. తమ ఊరిలో రోజాలు ఏ ఋతువులో వచ్చినా పెరగవనీ తరగవనీ చెప్పారు. పగలూ రాత్రీ ఏడాది పొడవునా దాదాపు సమానమే గదా! సూర్యుని చివరి అంచు నీళ్ళలోకి జారగానే ఆయన నన్ను చూశారు. నేను బిస్మిల్లాహ్ అన్నాను. ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. విమానమంతటా గింజలు నమిలే చప్పుడే.

గన్‌లో దిగేసరికి చీకటి పడింది. ఈ విమానాశ్రయం బ్రిటిష్ వైమానిక దళానిది. 1976లో వారు వెళ్ళిపోయాక అక్కడివారికి మిగిలింది. మెట్లు దిగుతుండగా విమానానికి కొంచెం దూరంలో దీపాలు వెలుగుతున్న అంబులెన్సు కనిపించింది. ఎవరో రోగిని ఇదే విమానంలో మాలెకు తీసుకుపోతారని వృద్ధుడు చెప్పారు. వెనుక కుర్చీలు మడిచి స్ట్రెచర్ అమరుస్తారట. ఆయన భార్య మొదటిసారి నొప్పి వచ్చినప్పుడు అలాగే వెళ్ళిందట. ఇది వారికి వింత కాదు.

అంబులెన్సు పక్కన నర్సు దుస్తుల మీద తలగుడ్డ చుట్టుకుని, మందుల పెట్టె పట్టుకుని నిలబడిన అమ్మాయి మా అమ్మాయి.

“అబ్బా!” అన్నది. తరువాత ఏడ్చిందా, నేను ఏడ్చానా అన్నది ఇక్కడ అనవసరం. సమయం రెండు నిమిషాలే. ట్యూనా చేపల వేటకు వెళ్ళిన యువకుడొకడు పడవలో జారిపడి తలకు దెబ్బ తగిలించుకున్నాడు. అతనికి తోడుగా వెళ్ళవలసిన వంతు ఆమెది. “రేపు పొద్దున విమానానికి వచ్చేస్తాను. ఆయన బయట ఉన్నారు, పాప కూడా ఉన్నది. కోపం తెచ్చుకోకండి” అన్నది. ఇఫ్తార్ చేశావా అని అడిగాను. నీళ్ళు తాగానన్నది. వృద్ధుడి భార్య తన ఖర్జూరాల సంచిని నా చేతిలో పెట్టింది. నేను అమ్మాయి చేతిలో పెట్టాను. స్ట్రెచర్‌ను పైకి ఎత్తారు. దాని వెంట ఆమె కూడా వెళ్ళిపోయింది. స్టేషనుకు వెళ్ళని తండ్రి ఈ విధంగా తన కూతురిని సాగనంపాడు.

నమాజు గదిలో మగ్రిబ్ చేసుకుని బయటికి వచ్చాను. అల్లుడు పాపను నా చేతుల్లో పెట్టాడు. పాప నా గడ్డాన్ని పరీక్షగా చూసి, పట్టుకుని లాగింది. గన్ నుండి హితదూ వరకు దీవులను కలుపుతూ రోడ్డు వేశారు. టాక్సీలో ఆ రోడ్డు మీద వెళుతుండగా అల్లుడు చెప్పాడు.

“మామూ, ఈ పాప కూడా ఆ విమానంలోనే వెళ్ళింది. పుట్టక ముందే.”

ఏడో నెలలోనే నొప్పులు వచ్చాయట. నెలలు నిండని బిడ్డను చూసుకునే సదుపాయం కోసం వైద్యులు మాలెకు పంపాలన్నారు. అర్ధరాత్రి కబురు, తెల్లవారకముందే విమానం. స్ట్రెచర్ మీద మా అమ్మాయి, పక్కన ఒక డాక్టరు, ఒక నర్సు, అల్లుడు. బిడ్డ కిలోన్నర బరువుతో పుట్టింది. అయిదు వారాలు మాలెలోనే ఉన్నారు. నాకు చెప్పింది మాత్రం, “మాలెలో కాన్పు అయింది, అల్‌హమ్‌దులిల్లాహ్, అందరూ బాగున్నారు” అన్నంతవరకే.

“మీ అత్తగారికి తెలుసా?” అని అడిగాను.

“ప్రతి రోజూ ఫోను చేసేవారు. మీరు ఫజర్‌కు మసీదుకు వెళ్ళిన తరువాత.”

అయిదు వారాలపాటు మా ఇంట్లో అంత పెద్ద విషయం జరుగుతుంటే నేను తిని, పాఠాలు చెప్పి, పడుకున్నాను. నాకెందుకు చెప్పలేదని అడగబోయి ఆగాను. చెబితే నేనేమనేవాడినో వారికి తెలుసు. “అందుకే వద్దన్నాను” అనేవాడిని. బిడ్డ గాజుపెట్టెలో ఉండగా ఆ మాట వినే ఓపిక ఎవరికి ఉంటుంది?

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సహరీకి అల్లుడే రొట్టెలు కాల్చాడు. కొబ్బరి, ఉల్లి, నిమ్మరసం కలిపిన ట్యూనా చేపతో అక్కడివారు తినే ‘మస్ హుని’ పెట్టాడు. ఆ తరువాత నేను అడ్డూలో ఉన్న రోజుల్లో చూసినవి చాలా ఉన్నాయి. మార్చి నడిమి రోజుల్లో జుహర్ వేళకు నా నీడ నా పాదాల కిందే దాక్కోవడం కూడా చూశాను. ఫిఖ్‌హ్ పాఠంలో మధ్యాహ్నపు ‘అసలు నీడ’ను తీసివేసి లెక్కించడం నేర్పుతాము. తీసివేయడానికి అక్కడ నీడే లేదు. వాటి గురించి మరొకసారి రాస్తాను, ఇన్‌షా అల్లాహ్.

మరునాడు ఉదయం పాపను భుజాన వేసుకుని అల్లుడి కంటే ముందే గుమ్మం దిగాను. విమానానికి ఇంకా గంటకు పైగా ఉన్నదని అతడు అన్నా వినలేదు. విమానాశ్రయం కంచె దగ్గర కొబ్బరిచెట్టు నీడలో నిలబడ్డాము. ఉత్తరం వైపు మొదట చప్పుడు, తరువాత మేఘం కింద చుక్క. పాప ఆకాశానికి వేలు చూపి ఏదో అన్నది. అక్కడి పిల్లలు విమానాన్ని చాలా త్వరగా గుర్తుపడతారట.

దిగినవారిలో ఆమె అందరికన్నా చివర వచ్చింది. ఆ కుర్రవాడికి స్పృహ వచ్చిందని దూరం నుండే చెప్పింది. దగ్గరికి వచ్చి సలాం చేసి, పాపను తీసుకుని, నిన్నటి సంచిని నా చేతికి ఇచ్చింది.

“రెండు మిగిలాయి అబ్బా” అన్నది. “సాయంత్రానికి ఉంచండి.”